కాగితం మీద లేని వేడి

మొన్న ఏప్రిల్ మధ్యాహ్నం సూరత్ పర్వత్ పాటియాలో, మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బట్టల కట్ట తీసుకున్నాను. అప్పుడే పెట్టె కింద నుంచి వచ్చిన బట్టలు. రెండు చేతుల మీద వేసుకుని నాలుగడుగులు నడిచానో లేదో, చీరల పొరల్లోంచి వేడి ముంజేతులకు తగిలింది. కట్టను పక్కనున్న స్కూటర్ సీటు మీద పెట్టేసి నిలబడిపోయాను. "ఏమైంది బేన్, కాలిందా?" అని ఇస్త్రీ అతను గుజరాతీలో అడిగాడు. కాలలేదన్నాను. గుడ్డ కింద అలాంటి వేడిని నేను ఇదివరకు ఒకసారి తాకాను. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించిన మనిషి పేరు కొమురయ్య. అతని గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. రాస్తే నా గురించి కూడా రాయాల్సి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను.

నేను శవపరీక్షలు చేసే డాక్టర్ని. మాది గోదావరి వైపు. నాన్న హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు. కంపెనీ కాలనీలో, గడ్డి కత్తిరించిన పార్కుల మధ్య పెరిగి, సూరత్‌లోనే డాక్టరు చదివాను. పైచదువుకు ఫోరెన్సిక్ సీటు వస్తే అమ్మ రెండు రోజులు ఏడ్చింది. నేను చేరిన ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. దాని మార్చురీలో కొమురయ్య కాంట్రాక్టు మనిషి. సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి పదహారేళ్లకు సాంచాల మీద పనికి వచ్చాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. పదిహేనేళ్లు నేశాక మిషను పట్టా ఎడమచేతి రెండు వేళ్లు తీసుకుపోయింది. ఆ చేత్తో మగ్గం పని కాదని, ఎవరో చెబితే మార్చురీకి వచ్చాడు. అందరూ కాకా అనేవారు. బాబాయికి గుజరాతీలకు అదే మాట, తెలంగాణవాళ్లకూ అదే మాట. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

శవాన్ని కోసేది డాక్టరే అని బయట జనం అనుకుంటారు. మా దగ్గర కోసేది కాకా. కుట్టేది కాకా. కడిగి, తల దువ్వి, ముఖం మీద గుడ్డ సర్ది ఇంటివాళ్లకు అప్పగించేది కాకా. డాక్టరు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగుల దూరం నుంచి చూసి రాసేవాడు. నేను కూడా మొదటి వారం అలాగే నిలబడ్డాను. అప్పుడు నా చేతిలో పోలీసుల పంచనామా ఉంది. శవం ముఖం మీది గుడ్డ ఇంకా తియ్యలేదు. నేను శ్రద్ధగా చదువుతుంటే కాకా వచ్చి మూడు వేళ్ల చెయ్యిని ఆ కాగితం మీద అడ్డం పెట్టాడు.

"జర ఆగు బిడ్డా. గా కాయిదం తర్వాత చదువు."

"ఎందుకు కాకా? ఏం జరిగిందో తెలియాలి కదా?"

"గది చదివినంక నీ కండ్లు గదే చూస్తయ్. ముందుగాల మనిషిని చూడు."

నాకు కోపం వచ్చింది. ఆరేళ్లు డాక్టరు చదివిన నాకు, సంతకం కూడా వంకరగా పెట్టే మనిషి చెప్పడమేంటని. కానీ గదిలో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే. పోలీసుల ముందు, సార్ల ముందు నన్ను "మేడం" అనేవాడు. గదిలో మేమిద్దరమే ఉంటే "బిడ్డా" అనేవాడు. ఆ పిలుపు కోసమో ఏమో, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పటినుంచి అదే అలవాటైంది.

ఆ ఏడాదే వానాకాలంలో ఒక కుర్రవాడి శవం వచ్చింది. తాగి గోడ మీంచి పడ్డాడని పోలీసుల మాట. నుదుటి మీద చిన్న దెబ్బ ఉంది, నోట్లో సారా వాసన ఉంది. తల తెరిచి చూస్తే లోపల దెబ్బేమీ లేదు. ఎలా పోయాడో నాకు తోచలేదు. కాకా అతని కుడిచేతి దగ్గర నిలబడి ఉన్నాడు. గుప్పిట బిగిసిపోయి ఉంది. దాన్ని నీళ్లతో తడుపుతూ, ఒక్కొక్క వేలే వెనక్కి వంచుతూ, చాలాసేపు తీసుకుని విప్పాడు. నడిమి వేలి మడతలో పెసరగింజంత గుంట. అంచులు తెల్లగా లేచి ఉన్నాయి.

"కరెంటు. వట్టుకుంటె చెయ్యి ముడుసుకుంటది, ఇడువనియ్యది. నా పక్క సాంచ మీదనే గిట్ల పోయిండొకడు. తాగి పడ్డడని రాసిన్రు. వాని చెయ్యి ఎవడూ ఇప్పి చూడలే."

ఆ రిపోర్టులో నేను విద్యుదాఘాతం అని రాశాను. కుర్రవాడి అన్న మర్నాడు వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మావోడు తాగుబోతు కాదు మేడం, ఒక్క గుక్క తాగుతడు గంతే" అని మళ్లీ మళ్లీ చెప్పాడు. పోయిన మనిషికి తాగుబోతు అన్న పేరు పోవడం వాళ్లకు ఎంత పెద్ద విషయమో నాకు అప్పుడు అర్థమైంది. కాకా గదిలోపల నేల కడుగుతున్నాడు. అతని పేరు ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. ఉండదు కూడా. మా సార్ నన్ను మెచ్చుకున్నారు. నేను మెప్పు తీసుకున్నాను.

ఇంకోసారి, పని తొందరలో, మృతికి కారణం అన్న చోట గుండె ఆగిపోవడం అని రాశాను. అలా రాసేవాళ్లు చాలామందే. కాకా నన్ను చదివి వినిపించమన్నాడు. విని నవ్వాడు. అతను నవ్వడం అరుదు.

"గుండె ఆగకుండ ఎవడన్న సచ్చిండా బిడ్డా? ఎందుకాగిందని గదా నిన్ను అడుగుతున్నరు."

చించి మళ్లీ రాశాను. మా పాఠ్యపుస్తకంలోనూ ఆ సంగతే ఉంది. పుస్తకం చదివినప్పుడు సిగ్గేయలేదు. ఆ రోజు సిగ్గేసింది.

నా మూడో ఏడు, మే నెల. పరీక్షకు నాలుగు నెలలు. పాండేసరా వైపు ఒక డైయింగ్ మిల్లు నుంచి శంకర్ అనే మనిషి శవం వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. జగిత్యాల దగ్గరి మనిషి. రంగు వేసిన గుడ్డను ఆరబెట్టే పొడవాటి వేడి మిషను దగ్గర పని. మధ్యాహ్నం ఒంటిగంటకు కూలిపోయాడు. గుండెనొప్పి అన్నాడని మిల్లు సూపర్‌వైజరు పోలీసులకు చెప్పాడు. నాలుగింటికి మా బల్ల మీదికి వచ్చాడు. నేను చేతులు తుడుచుకుంటుండగా కాకా పిలిచాడు.

"బిడ్డా, గ్లవుజు తీసి ఇటు చెయ్యి వెట్టు."

నేను సందేహించాను. అతనే నా మణికట్టు పట్టుకుని దుప్పటి మీద, పొట్ట దగ్గర పెట్టాడు. గుడ్డలోంచే చురుక్కుమంది. పోయి మూడు గంటలైన మనిషి చల్లబడటం మొదలవ్వాలి. ఇతను జ్వరంలో ఉన్నవాడిలా కాలిపోతున్నాడు.

"ఉత్తగ పట్టుకుంటె ఎవడు నమ్ముతడు? గాజుది తే. జల్ది తే, సల్లగైతడు."

లోపలి వేడి చూసే పొడవాటి థర్మామీటరు తెచ్చాను. కాకా టార్చి పట్టుకుని, మా ఇద్దరిలో ముందు తనే చదివాడు. నలభై ఒకటి మీద మూడు గీతలు. బతికున్న మనిషికే ముప్పై ఏడు ఉంటుంది. నేను రఫ్ పుస్తకంలో రాసుకున్నాను, పక్కన టైము వేశాను. ఆ తర్వాతే కోశాం. వేడిదెబ్బకు పోయినవాళ్లలో కోసి చూస్తే దొరికేది తక్కువ. మెదడు ఉబ్బి ఉంది, గుండె మీద సూదిమొనల్లాంటి నెత్తురు చుక్కలు ఉన్నాయి. అవి ఇంకో పది కారణాలకూ ఉంటాయి. గుండె రక్తనాళం ఒకటి కొంచెం సన్నబడి ఉంది. ఆ వయసులో చాలామందికి అంతమాత్రం ఉంటుంది, దానితోనే ముసలివాళ్లవుతారు. నిజం చెప్పేది ఆ వేడి ఒక్కటే. అదీ కొన్ని గంటలే చెబుతుంది.

మర్నాడు పెద్దసార్ పిలిచారు. మా విభాగానికి అధిపతి. అంతకుముందు ఆయన గది నుంచి మిల్లు తరఫు మనిషి బయటికి రావడం చూశాను. ఆయన నాతో గట్టిగా మాట్లాడలేదు. నిజానికి ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడారు.

"చూడు బేటా, వేడికి పోయాడని శరీరంలో గుర్తేది? కోర్టులో వకీలు అడిగితే ఏం చూపిస్తావు? రక్తనాళం కనబడుతోంది కదా. కనబడేది రాయి."

"ఉష్ణోగ్రత చూశాం సార్."

"మన దగ్గర అది ఎప్పుడూ చూడం. ఒక్క కేసులోనే ఎందుకు చూశావని అడుగుతారు. పరీక్ష దగ్గరికొచ్చింది, మనసు చదువు మీద పెట్టు."

ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను. "నువ్వు రాయకపోతే ఇంకొకళ్లు రాస్తారమ్మా" అన్నారు నాన్న, పేపరు మీంచి కళ్లెత్తకుండా. ఆ మాట నాకు చాలింది. అలాంటి మాట ఎవరైనా అంటారేమోనని ఎదురుచూస్తూ ఇంటికి వచ్చానని ఇప్పుడు తెలుసు. గుండె రక్తనాళాల జబ్బు, సహజ మరణం అని రాశాను. అబద్ధపు అంకె ఏదీ వెయ్యలేదు. ఉన్న అంకెను వదిలేశాను, అంతే. రఫ్ పుస్తకాన్ని ఇంటి అటక మీద పడేశాను.

శంకర్ భార్య పేరు పద్మ. ఆమె మార్చురీ బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు కాకా ఏం చెప్పాడో నాకు తెలియదు. ఒంటి వేడి సంగతి చెప్పాడని తెలిసింది ఏడాదిన్నర తర్వాత. అప్పటికి నేను పాసై, అక్కడే ఉద్యోగంలో చేరాను. మిల్లు మీద పద్మ వేసిన పరిహారం కేసులో సాక్షిగా పిలిచారు. ఆమె వకీలు బక్కపలచటి మనిషి. గుజరాతీలో మర్యాదగా అడిగాడు.

"శవం వచ్చినప్పుడు ఒంటి వేడి చూశారా, డాక్టర్?"

నేను అన్నాను, "రిపోర్టులో లేదు."

"చూశారా అని అడుగుతున్నాను."

"చూసి ఉంటే రిపోర్టులో ఉంటుంది."

అవతలి వకీలు లేచి, థర్మామీటరు చూశానంటున్నది శవాలు కడిగే మనిషి అనీ, అంకెలు కూడా సరిగ్గా రాని వాడనీ అన్నాడు. కాకా గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, నేనెప్పుడూ చూడనిది. సాక్ష్యం చెప్పడానికి సిద్ధమై వచ్చాడు. అతన్ని లోపలికి పిలవలేదు. నా జవాబు తర్వాత అతని మాటకు విలువ లేకుండా పోయింది.

బయటికి వచ్చేసరికి వసారాలో పద్మ పక్కన నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. నా వైపు రెండడుగులు వేసి, నలుగురూ వినేలా కాదు, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"ఆటో పిలువాల్నా మేడం? ఎండ మస్తుంది."

చుట్టుపక్కల మా ఆసుపత్రివాళ్లెవరూ లేరు. అయినా మేడం అన్నాడు. ఆ తర్వాత చచ్చేదాకా నన్ను ఇంకో పిలుపు పిలవలేదు.

నెల తిరక్కుండానే కాంట్రాక్టరు అతన్ని రావద్దన్నాడు. అతని చోట ఒక కొత్త మనిషి వచ్చాడు. శవాల చేతులు విప్పి చూడని మనిషి. నేను పెద్దసార్‌తో మాట్లాడదామనుకున్నాను. అనుకోవడం దగ్గరే ఉండిపోయాను. ఏళ్లు గడిచాయి. నాకు ప్రమోషన్లు వచ్చాయి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు "ముందు పంచనామా చదవకండి, ముందు మనిషిని చూడండి" అని చెప్పేదాన్ని. ఎంత బాగా చెప్పారు మేడం అనేవారు. ఎవరి మాట అని నేనెప్పుడూ చెప్పలేదు.

పన్నెండేళ్ల తర్వాత, పాత వార్డుబాయ్ ఒకడు కనబడి, కాకాకు పక్షవాతం వచ్చిందని, వడోద్‌లో కూతురింటి పక్కన ఉంటున్నాడని చెప్పాడు. వెళ్లాను. ఒక్క గది. కాకా భార్య రాజవ్వ గుమ్మంలో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తోంది. కాకా మంచం మీద ఉన్నాడు. కుడిచెయ్యి పడిపోయింది. మిగిలింది మూడు వేళ్ల చెయ్యి. నేను మంచం పక్కన కూర్చుని, తప్పు చేశానని, తన ఉద్యోగం నా వల్లే పోయిందని, ఇంకా ఏవేవో అన్నాను. ఏడ్చాను కూడా. నా ఏడుపు ఆగేదాకా అతను చూశాడు.

"నా నౌకరీ పోతె వాచ్‌మన్ నౌకరీ దొరికింది మేడం. నా తాన ఏడుస్తె ఏమొస్తది? పద్మ తానికి పోయిన్రా?"

"లేదు."

"కిమ్‌ల ఉంటది. డబ్బాల కంపెనీల పని. పోయి చెప్పున్రి."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం కాకా? కేసు ఎప్పుడో కొట్టేశారు."

"లాభం మీకు తెల్వది. పోతె తెలుస్తది."

ఆ ఆదివారమే సూరత్ దాటి కిమ్ ఊరికి వెళ్లాను. పద్మ నన్ను గుర్తుపట్టలేదు. ఆరోగ్యశాఖ సర్వేకి వచ్చాననుకుని, అడగకుండానే ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు పెట్టింది. నిండా గుండె పరీక్షల కాగితాలు. ఏటా రెండేసి. అన్నిటి మీదా ఒకటే పేరు, మౌనిక. శంకర్ పోయినప్పుడు ఐదేళ్ల పిల్ల. ఇప్పుడు పద్దెనిమిది దాటింది.

"ఈ పిల్ల నాయినకు గుండె జబ్బుండె మేడం. వేడికి పోయిండని కాకా అన్నడు గని, సర్కారు డాక్టరే గట్ల రాసింది, కోర్టు గూడ గదే అన్నది. గందుకే ఏటా చూపిస్త. దేవుని దయ, ఇప్పటిదాంక ఏం రాలె. ఉరకనియ్య, మెట్లెక్కనియ్య. ఐదో తరగతిల ఖోఖో ఆడుతుంటె జుట్టు వట్టి గుంజుకొచ్చిన."

ఆ సర్కారు డాక్టరును నేనే అని చెప్పాను. శంకర్ గుండె బాగానే ఉందని, వేడికి పోయాడని, నాకు ఆ రోజే తెలుసని చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పద్మ కాగితాలను ఒక్కొక్కటే మళ్లీ సంచిలో పెట్టింది. అన్నీ పెట్టాక అడిగింది.

"గా రోజు నేను మెట్ల మీదనే ఉన్న గద మేడం. గీ ఒక్క మాట నా చెవుల ఏస్తె మీదేం పోతుండె? కోర్టుల చెప్పకున్నా మానె."

కోర్టు గురించి, పరీక్ష గురించి, పెద్దసార్ గురించి నాకు నేను చెప్పుకున్న సమాధానాలు చాలా ఉన్నాయి. మెట్ల మీద కూర్చున్న మనిషి చెవిలో ఒక్క మాట ఎందుకు వెయ్యలేదన్నదానికి ఒక్కటీ లేదు. తలుపు దగ్గర నిలబడ్డ మౌనిక ముందుకు వచ్చింది. తల్లివైపు చూడకుండా అడిగింది.

"ఆంటీ, లిఖ్ కే దేంగే క్యా? రాసిస్తరా గిది? పోలీస్ భర్తీకి ఉరకాలె. మమ్మీ ఫారం నింపనిస్తలేదు."

ఆమె నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద రాసిచ్చాను. తండ్రికి గుండె జబ్బు లేదని, మిల్లు వేడే మరణకారణమని, మొదటి రిపోర్టు తప్పని, అది రాసింది నేనేనని. సంతకం చేసి రిజిస్ట్రేషన్ నంబరు వేశాను. ఏ ఆఫీసులోనూ ఆ కాగితానికి విలువ లేదు. మౌనిక దాన్ని రెండుసార్లు చదివింది. థాంక్యూ అనలేదు. పద్మ నన్ను గుమ్మందాకా కూడా సాగనంపలేదు.

తిరిగి వస్తూ వడోద్‌లో దిగాను. జరిగింది కాకాకు చెప్పాను. నా గొంతులో కొంచెం తేలిక వినబడి ఉండాలి. అతను విని, తల ఊపాడు.

"మంచిగ చేసిన్రు మేడం. మిగిలినోళ్ల తానికి ఎప్పుడు పోతరు?"

"మిగిలినవాళ్లు ఎవరు కాకా?"

అతను నన్ను చూసిన చూపులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. "బాయిలర్ కాడ పోయిన ముసలాయన. గా ఉధ్నా పిల్ల, పురుగుల మందు తాగిందని రాసిన్రు. ఇంకా ఉన్నరు గద. శంకర్ తర్వాత మీకు గట్ల రాసుడు అల్వాటైంది. నా నౌకరీ పోయేదాంకవి అన్నీ నాకు యాదికున్నయ్. మీరు రాసుకుంటె చెప్త."

ఆ ఇద్దరూ నాకు గుర్తులేరు. అన్నేళ్లుగా నేను ఒక్క తప్పు చేసిన మనిషినని అనుకుంటూ, ఆ ఒక్కదాన్నే మోస్తూ, దాని గురించి బాధపడుతూ బతికాను. అలసిపోయి ఉన్నాను. వచ్చే ఆదివారం పుస్తకం తెచ్చుకుంటానన్నాను. ఆ ఆదివారం కాలేజీలో ఏదో తనిఖీ వచ్చింది. తర్వాతి ఆదివారం మా ఇంట్లో చుట్టాలు. మూడో ఆదివారం వెళ్లేసరికి మంచం ఖాళీగా, నిలువుగా గోడకు ఆనించి ఉంది. పోయి నాలుగు రోజులైంది.

రాజవ్వ నాకు నీళ్లిచ్చింది. తర్వాత, తప్పు తనదే అన్నట్టుగా చెప్పింది. "ఆఖరికి రెండు దినాలు పేర్లు చెప్పుకుంట ఉండె మేడం. మీకు చెప్పుమన్నడు. నాకు రాయరాదు. ఇన్న గని, యాదికి లెవ్వు."

ఇప్పుడు సెలవు దొరికినప్పుడల్లా రికార్డు గదిలో కూర్చుని, శంకర్ పోయిన ఏడాది నుంచి కాకాను తీసేసిన నెల దాకా నేను రాసిన రిపోర్టులు చదువుతున్నాను. బాయిలర్ ముసలాయన దొరికాడు. ఉధ్నా పిల్ల ఇంకా దొరకలేదు, ఆ పేటనుంచి వచ్చిన ఆడపిల్లల శవాలు చాలా ఉన్నాయి. ఒక్కొక్క రిపోర్టూ తెరుస్తాను. చేతిరాత గుండ్రంగా ఉంటుంది, వాక్యాలు శుభ్రంగా ఉంటాయి, కింద నా సంతకం ఉంటుంది. అన్నీ ఒకేలా, అన్నీ నిజంలానే ఉన్నాయి.